రాజర్షి జనకానందులు – వ్యాపారమునందు యోగసాధన



ఉపన్యాసము ముగిసిన పిమ్మట భక్తులు మమ్ములను సమీపించి అడుగు ప్రశ్నలలో ఒకటి ఏ ఊరిలోనైనను మారదు. "శాస్త్రిగారూ, మీరు చెప్పిన జపము, ధ్యానము, స్వాధ్యాయము అన్నియు మంచివే. కాని మేము దుకాణము నడుపుకొను వారము. తెల్లవారి లేచినది మొదలు లెక్కలు, బాకీలు, పన్నులు, పిల్లల చదువులు, కూతురి పెండ్లి. ఇన్నింటి నడుమ మాకు యోగము ఎట్లు పట్టుబడును?" అని అడుగుదురు. ఈ ప్రశ్నలో కపటము లేదు. అడుగువారు నిజముగనే నలుగుచున్నవారు. కావున దీనికి మాటలతో గాక ఒక మనుష్యుని జీవితముతో సమాధానము చెప్పవలెనని మేము తలచినాము.

ఆ మనుష్యుడు మన దేశమువాడు కాడు. అమెరికా దేశమున కలప మిల్లులకు అగ్నిప్రమాద బీమా నడపిన ఒక పెద్ద వ్యాపారి. పేరు జేమ్స్ జె. లిన్. పరమహంస యోగానందులవారి శిష్యులై, వారిచేతనే "రాజర్షి జనకానందులు" అను నామమును పొందినవారు. "ఒక యోగి ఆత్మకథ" తెలుగు అనువాదమును చదివిన వారికి లిన్ అను పేరు పరిచితమే. అయితే ఆ పేరు వెనుకనున్న జీవితమును విచారించినవారు కొద్దిమంది.

శాస్త్రము ఏమి చెప్పుచున్నది?

ముందుగా మన ఇంటిలోని దీపమును చూచుకొందము. బృహదారణ్యకోపనిషత్తు నాలుగవ అధ్యాయములో విదేహరాజగు జనకుడు యాజ్ఞవల్క్య మహర్షికి శిష్యుడై ప్రశ్నించుచుండును. మహర్షి ఒక్కొక్క విషయమును చెప్పినప్పుడెల్ల జనకుడు "వేయి గోవుల నిచ్చెదను, మోక్షమునకై ఇంకను చెప్పుడు" అనును. ఈ "ఇంకను" అనునదే ఆ సంవాదమునకు ప్రాణము. ఆ రాజు మేధను చూచి, తన యొద్ద నున్నదంతయు ఇతడు రాబట్టుకొనుచున్నాడని యాజ్ఞవల్క్యుడంతటివాడు భయపడినట్లు ఉపనిషత్తే చెప్పుచున్నది. చివరకు జనకుడు విదేహ రాజ్యమును, దానితోబాటు తన్నును గూడ గురువునకు సమర్పించుకొనును. చూడుడు! గోవులతో మొదలైన దానము తనతో ముగిసినది. ధనమిచ్చుట దానమునకు ఆరంభము మాత్రమే.

భగవద్గీత మూడవ అధ్యాయము ఇరువదవ శ్లోకములో భగవానుడు కర్మచేతనే సిద్ధిని పొందినవారిలో జనకుని పేరెత్తి చెప్పినాడు. నాలుగవ అధ్యాయారంభములో ఈ యోగము సూర్యునినుండి మనువునకు, మనువునుండి ఇక్ష్వాకునకు వచ్చి, ఆ పరంపరలో రాజర్షులచే తెలియబడినదని సెలవిచ్చినాడు. రాజర్షి యనగా ఎవరు? రాజ్యభారము మోయుచునే ఋషియైనవాడు. అడవికి పోయిన పిమ్మట ఋషియైనవాడు కాడు.

రాజుల మాట అటుంచుడు. మహాభారతము శాంతిపర్వములో తులాధారుని కథ యున్నది. జాజలి అను తపస్వి కదలక నిలిచి తపస్సు చేయుచుండగా ఆయన జటలలో పక్షులు గూడు కట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలను పెంచుకొని ఎగిరిపోయినవి. "ధర్మమును నేను సాధించితిని" అని ఆయన గర్వించినాడు. అంతట అశరీరవాణి, కాశీలోని తులాధారునకు నీవు సమానుడవు కావని పలికినది. ఎవరా తులాధారుడు? త్రాసు పట్టుకొని సరకులమ్ము వర్తకుడు! తన త్రాసు సర్వప్రాణులయెడల సమముగా నుండుటయే తన ధర్మమని ఆయన జాజలికి బోధించినాడు. వర్తకుడు గురువగుట మన సంప్రదాయమునకు వింత కాదని ఈ కథ వలన గ్రహింపవలెను.

బాల్యము – కష్టార్జితము

లిన్‌గారు 1892 మే 5వ తేదీన అమెరికా దేశపు లూసియానా రాష్ట్రములో ఆర్చిబాల్డ్ అను గ్రామము సమీపమున బీద రైతు కుటుంబములో జన్మించినారు. చిన్ననాడు పొలము పనులు, తరువాత రైల్వేస్టేషను ఊడ్చు పని. పదునేడేండ్ల ప్రాయమున, అనగా 1909 ప్రాంతమున, మిస్సోరి రాష్ట్రములోని కాన్సస్ సిటీ నగరమునకు చేరి రైల్వే కార్యాలయములో గుమాస్తాగా కుదిరినారు. పగలు ఉద్యోగము, రాత్రి చదువు. రాత్రి బడులలోనే ఉన్నత పాఠశాల చదువును, న్యాయశాస్త్రమును, గణకశాస్త్రమును అభ్యసించి, ఇరువది యొకటవ ఏట న్యాయవాదిగా అర్హత పొందినారు. పిదప పబ్లిక్ అకౌంటెంటు పరీక్షయందును కృతార్థులైనారు. 1913లో వివాహమాడి గృహస్థులైనారు.

ఆ లెక్కల నేర్పే ఆయనను యు. ఎస్. ఎపర్సన్ అండర్‌రైటింగ్ కంపెనీకి చేర్చినది. ఇరువదియైదేండ్లు నిండకమునుపే అందులో ప్రధానమైన బాధ్యతలు ఆయన చేతికి వచ్చినవి. 1921లో బ్యాంకు వద్ద అప్పు తెచ్చి ఆ కంపెనీనే కొనినారు. చేతిలో ధనము లేని యువకునికి బ్యాంకువారు అంత పెద్ద అప్పు నిచ్చుట ఆయన నడవడిమీది నమ్మకము వలననే. తరువాతి కాలమున చమురు బావులు, టెక్సాసు రాష్ట్రములో నారింజజాతి పండ్లతోటలు, రైల్వే వాటాలు మున్నగు అనేక వ్యవహారములు ఆయన చేతిమీదుగా నడచినవి.

పరస్పర రక్షణము

ఆయన బీమా వ్యాపారము ఎట్టిదో కొంచెము తెలిసికొనుట మంచిది. కోతమిల్లులు, కలప అడితీలు నిప్పునకు మిక్కిలి లోబడునట్టివి. ఒక్క రవ్వ చాలును, తరతరముల ఆస్తి బూడిద యగును. సాధారణ బీమాలో ఒక కంపెనీ సొమ్ము తీసికొని నష్టమును భరించును. లిన్‌గారు నడపిన పద్ధతి వేరు. అందులో కలప వ్యాపారులే ఒక కూటమిగా చేరుదురు. ప్రతి సభ్యుడును తక్కినవారి నష్టమునకు తన వంతు బాధ్యుడు. ఒకని మిల్లు కాలినచో అందరి నిధినుండి ఆ నష్టమును పూరింతురు. కూటమి తరపున లెక్కలు చూచి, వ్యవహారము నడపుటకు ఒక కంపెనీ యుండును. లిన్‌గారు కొనినది అట్టి కంపెనీని.

ఇట్టి ఏర్పాటులో ఒకని అజాగ్రత్త అందరికిని నష్టము. కావున మిల్లులు శుభ్రముగా నున్నవా, నిప్పు నార్పు సాధనములు సిద్ధముగా నున్నవా అను విచారణ ఎంతో ముఖ్యము. లెక్కలో ఒక్క రూపాయి తేడా వచ్చినను పరస్పర విశ్వాసము చెడును. గీతలో మూడవ అధ్యాయమున భగవానుడు దేవతలు, మనుష్యులు పరస్పరము పోషించుకొని శ్రేయస్సు పొందవలెనని చెప్పినాడు గదా! ఆ యజ్ఞభావమునకు లోకవ్యవహారములో ఒక చిన్న నీడ ఇట్టి ఏర్పాటులో కనబడును. వ్యాపారమంతయు దోపిడి యని తలచువారు దీనిని గమనింపవలెను. ధర్మబద్ధమైన వాణిజ్యము పదిమంది భయమును పంచుకొని తగ్గించును.

సంపద చేకూరెను – శాంతి చేకూరలేదు

నలువది ఏండ్లు వచ్చుసరికి లిన్‌గారు కాన్సస్ సిటీలో పేరుమోసిన ధనికులు. కాని లోపల ఏమి జరుగుచున్నది? ధనము సుఖమిచ్చునని తాను నమ్మియుంటిననియు, ఏదియు తృప్తినీయలేదనియు, నరముల ఆందోళనతో స్థిరముగా కూర్చుండలేని స్థితి తనదైనదనియు ఆయనయే తరువాత చెప్పుకొన్నారు. భక్తులారా, ఈ మాటను జాగ్రత్తగా వినుడు. ఆయనకు అప్పులవారి బాధ లేదు, అధికారుల బాధ లేదు. సర్వమును ఉండగా కూర్చుండుటకు మాత్రము ఆసనము దొరకలేదు! యోగసూత్రములలో ఆసనము స్థిరమును సుఖమును అయి యుండవలెనని పతంజలి మహర్షి చెప్పినాడు. స్థిరము, సుఖము అను ఈ రెండును కోట్ల ధనమునకు అమ్ముడుపోవు సరకులు కావు.

1932 జనవరి మాసములో పరమహంస యోగానందులవారు ఉపన్యాసములకై కాన్సస్ సిటీకి వచ్చినారు. యోగానందులు 1893 జనవరి 5న గోరఖ్‌పురములో జన్మించినవారు. లాహిరీ మహాశయుల శిష్యులైన శ్రీ యుక్తేశ్వరగిరిగారికి శిష్యులు. 1917లో యోగదా సత్సంగ సంస్థకు బీజము వేసి, 1920లో బోస్టను నగరమున జరిగిన మతమహాసభకు వెళ్ళి, ఆ దేశమున సెల్ఫ్ రియలైజేషన్ ఫెలోషిప్ అను సంస్థను స్థాపించినారు. వయస్సు లెక్కించినచో శిష్యుడైన లిన్‌గారే గురువుకన్న ఎనిమిది మాసములు పెద్ద. జ్ఞానమునకు వయస్సు ప్రమాణము కాదని మన పెద్దలు చెప్పుమాటకు ఇది ఒక ఉదాహరణము.

ఆ ఉపన్యాసము వినుచుండగా తాను వెన్నెముక నిటారుగా నిలిపి, కదలక, ప్రశాంతముగా కూర్చుండి యుండుట లిన్‌గారికే ఆశ్చర్యము కలిగించినది. ఎన్నడును కుదురుగా నుండని దేహము గురుసన్నిధిలో కుదుటపడినది. అప్పుడే ఆయన ఉపదేశము పొంది క్రియాయోగ సాధన నారంభించినారు.

క్రియాయోగమను మాటను పతంజలి రెండవ పాదము మొదటి సూత్రములో వాడి, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము అను మూడింటి కలయికగా వివరించినాడు. లాహిరీ మహాశయుల పరంపరలో ఈ పేరు ప్రాణాయామ ప్రధానమైన ఒక సాధనక్రమమునకు చెల్లుచున్నది. అది గురుముఖమున నేర్వదగినది, కనుక దాని వివరములు ఇక్కడ అప్రస్తుతము. లాహిరీ మహాశయులు (1828–1895) సైనిక ఇంజనీరింగు శాఖలో గణకులుగా ఉద్యోగము చేసి, భార్యాబిడ్డలతో కాశీలో కాపురమున్న గృహస్థులని మాత్రము జ్ఞాపకముంచుకొనుడు. ఆ పరంపర మూలముననే ఒక గుమాస్తా యున్నాడు. అట్టి పరంపరలో ఒక వ్యాపారి ప్రకాశించుట సహజమే.

సాధన – సమర్పణ

లిన్‌గారు వ్యాపారమును విడిచిపెట్టలేదు. గురువును విడువుమనలేదు. కాన్సస్ సిటీలో కార్యాలయ వ్యవహారములు చూచుచు, అవకాశము దొరకినప్పుడెల్ల కాలిఫోర్నియాలోని ఆశ్రమమునకు పోయి గంటలకొలది ధ్యానములో గడపుచుండెడివారు. క్రమముగా ఆ గడపు కాలము పెరిగినది. మాటలు తగ్గినవి. ఆశ్రమములో ఆయనను చూచినవారు ఆయన పలుకులకన్న ఆయన నిశ్చలతనే ఎక్కువగా చెప్పుకొన్నారు.

1935లో యోగానందులు గురుదర్శనార్థము భారతదేశమునకు వచ్చినారు. 1936 మార్చి 9న పూరీక్షేత్రములో శ్రీ యుక్తేశ్వరులు దేహము చాలించినారు. గురువియోగ దుఃఖముతో అమెరికాకు తిరిగి వెళ్ళిన యోగానందులకు అక్కడ ఒక కానుక ఎదురుచూచుచున్నది. ఎన్సినీటాస్ అనుచోట పసిఫిక్ మహాసముద్రమునకు అభిముఖముగా లిన్‌గారు స్థలము కొని, ఆశ్రమము నిర్మింపజేసి, గురువుగారికి ముందుగా తెలుపకయే సమర్పించినారు. 1946లో వెలువడిన ఆత్మకథలో పెక్కు భాగము ఆ ఆశ్రమమందే వ్రాయబడినది. ఆ గ్రంథమును ఈనాడు మన ఇండ్లలో చదువుకొనుచున్నామనిన, దాని వెనుక ఒక బీమా వ్యాపారి కష్టార్జితము కొంత యున్నదన్నమాట.

ఇక్కడ ఇంకొక సంగతి యున్నది. ఆ ఆశ్రమ ప్రాంగణములో 1938లో స్వర్ణకమల మందిరమను పేర ఒక దేవాలయము వెలసినది. సముద్రపు గట్టు కోసికొనిపోవుటచేత 1942లో అది జారి కూలిపోయినది. నాలుగేండ్ల ఆయువు! దైవమునకు సమర్పించిన కట్టడమే నిలువనప్పుడు, మన పేర వ్రాయించుకొన్న కట్టడముల మాట చెప్పనేల? అయినను ఆ దాత దానమును మానలేదు, ఆ గురువు పనిని మానలేదు. ఫలము పోయినను కర్మ నిలుచుట యనగా ఇదియే.

1951 ఆగస్టు 25న యోగానందులు ఆయనకు రాజర్షి జనకానందులని నామకరణము చేసినారు. 1952 మార్చి 7న యోగానందులు లాస్ ఏంజెలిస్ నగరములో మహాసమాధి చెందగా, సంస్థాధ్యక్షత్వము రాజర్షులకు సంక్రమించినది. అప్పటికి ఆరోగ్యము క్షీణించుచున్నది. అయినను మూడేండ్లకు కొంచెము తక్కువగా ఆ భారమును మోసి, 1955 ఫిబ్రవరి 20న కాలిఫోర్నియాలోని బొరేగో స్ప్రింగ్స్ అనుచోట అరువదిరెండేండ్ల ప్రాయమున తనువు చాలించినారు. ఆ తరువాత శ్రీ దయామాతగారు 2010 వరకు ఆ స్థానములో నుండినారు.

ఆక్షేపములు – సమాధానములు

పూర్వపక్షము లేక సిద్ధాంతము నిలువదు. కావున వినువారి మనస్సులో మెదలుచుండు ఆక్షేపములను మేమే చెప్పెదము.

మొదటిది: "ధనమిచ్చినాడు గనుక పీఠము దక్కినది. ఇది కొనుగోలు కాదా?" ఈ శంక ఏ ధార్మిక సంస్థ విషయములోనైనను రాదగినదే, దానిని కోపముతో త్రోసివేయరాదు. అయితే క్రమమును చూడుడు. 1932లో శిష్యత్వము, 1952లో పదవి. నడుమ ఇరువది సంవత్సరముల సాధన. పదవి వచ్చునాటికి ఆయన రోగపీడితులు. పదవిని కొనువాడు భోగించుటకు కొనును; భోగించు శక్తియే సన్నగిల్లిన దశలో లభించినది భారము గాని భోగము కాదు. మఱియు, ధనమిచ్చినవారందరును గంటలకొలది కదలక ధ్యానములో కూర్చుండలేరు. ధనము ఆశ్రమమును కట్టగలదు, అందులో కూర్చుండు చిత్తమును కట్టలేదు.

రెండవది: "పరదేశీయునకు మన యోగమునం దధికారమెక్కడిది?" వేదాధ్యయనమునకు నియమములు వేరు, భగవద్ధ్యానమునకు నియమములు వేరు. చిన్ననాటినుండి స్వరముతో వేదము వల్లించిన మేము ఆ నియమములను తేలికగా చూచువారము కాము. కాని తన్నాశ్రయించినవారు ఎవరైనను పరమగతిని పొందుదురని గీత తొమ్మిదవ అధ్యాయములో భగవానుడే అభయమిచ్చియుండగా అడ్డు చెప్పుటకు మనమెవ్వరము?

మూడవది అన్నింటికన్న ముఖ్యమైనది. "జనకుడు రాజ్యమేలుచునే ముక్తుడైనాడు. మేమును సంపాదించుచునే ముక్తులమగుదుము" అని జనకుని పేరు అడ్డము పెట్టుకొనువారున్నారు. వీరితో మేము కఠినముగనే మాటలాడవలసి యున్నది. జనకుని రాజ్యమును మీరు పొందినారు, జనకుని ప్రశ్నను పొందినారా? మిథిల కాలిపోవుచున్నను తనదేదియు కాలుటలేదని భారతములో జనకుడు చెప్పగలిగినాడు. మన దుకాణములో ఒక బస్తా తడిసిన మాత్రమున ఆ రాత్రి మనకు నిద్రపట్టునా? నిద్ర పట్టనంతకాలము మనము జనకునికి బంధువులము కాము. రాజర్షి అను మాటలో "రాజు" వద్దనే ఆగిపోయి "ఋషి"ని మరచుట ఈ కాలపు జాడ్యము.

దీనికి తోడు ఇంకొక జాడ్యము. 2015 నుండి ఏటేట జూన్ 21వ తేదీన ప్రపంచమంతటను యోగదినము జరుగుచున్నది. ఇది మనకు గర్వకారణమే. కాని ఆ పేరు వ్యాపించినకొలది యోగమునే సరకుగా తూచి అమ్ము అంగళ్ళును పెరిగినవి. యోగమును వ్యాపారము చేయుట వేరు, వ్యాపారి యోగి యగుట వేరు. మొదటి దానిలో యోగము వ్యాపారపు స్థాయికి దిగును. రెండవ దానిలో వ్యాపారి యోగపు స్థాయికి ఎక్కును. లిన్‌గారు కలప మిల్లుల బీమాతో జీవించినారు, యోగముతో జీవనము చేయలేదు. ఈ భేదమును గురువుల నాశ్రయింపబోవు ప్రతివారును గుర్తుంచుకొనవలెను.

మనము గ్రహింపదగినది

తీరిక లేదను మాటకు ఈ జీవితమే సమాధానము. పగలు ఉద్యోగము చేసి రాత్రి న్యాయశాస్త్రము చదివిన ఆ బాలునకు తీరిక ఎవరిచ్చినారు? చదువు కావలెనను ఆర్తి తీరికను సృష్టించినది. నలువదియవ ఏట శాంతి కావలెనను ఆర్తి మరల అట్లే తీరికను సృష్టించినది. మనకు కొరవడినది ఆర్తియే యని ఒప్పుకొనుట మంచిది.

గృహస్థులైన భక్తులకు మేము చెప్పునది స్వల్పము. దుకాణము తెరువక మునుపు అరగంట, మూసిన పిమ్మట అరగంట భగవంతునిదని నిర్ణయించి, ఆ కాలమును అప్పుగానైనను ఇంకొకరికి ఈయకుడు. త్రాసు సరిగానుండుటయే వర్తకునకు మొదటి ఆసనము. లెక్క సరిగానుండుటయే మొదటి ప్రాణాయామము. అస్తేయము, అపరిగ్రహము అను యమములు స్థిరపడక పూర్వమే ముక్కు పట్టుకొని కూర్చున్నచో చిత్తము ఖాతా పుస్తకములోనే తిరుగుచుండును. ఆర్జించిన దానిలో ఒక భాగమును ముందుగనే తీసిపెట్టుడు. మిగిలినది ఇత్తుమనువారికి ఎన్నడును మిగులదు. ఇచ్చినదాని మీద పేరు చెక్కించుకొనవలెనను కోరిక కలిగినప్పుడు సముద్రములోనికి జారిన ఆ స్వర్ణకమల మందిరమును ఒక్కమారు తలచుకొనుడు.

ఇది అంతయు చేసినచో రేపే సమాధి కలుగునని మేము చెప్పుటలేదు. లిన్‌గారంతటివారికే ఇరువది ఏండ్లు పట్టినది. కాని సాధన నారంభించిననాడే ఒక మార్పు తెలియును. దుకాణములో కూర్చున్న మనిషి ఒకడే, సరకు అదియే, త్రాసు అదియే. కూర్చున్న తీరు మాత్రము మారును. జనకుడు గోవులతో మొదలుపెట్టి తన్ను సమర్పించుకొన్నట్లే, మనమును అరగంటతో మొదలుపెట్టి క్రమముగా ఆయుస్సంతయు భగవత్సమర్పణము చేయుదుముగాక.

శుభమస్తు.